లత్తీను పూజ, మా తమ్ముడి పెళ్లి

సంప్రదాయ కేథలిక్కులకూ రోమ్‌కూ, అంటే పోపుకూ, పడదు అనగానే మావాళ్లంతా అది లత్తీను పూజ గొడవేలే అంటారు. లత్తీను పూజ అంటే వెనకటి పద్ధతిలో లాటిన్ భాషలో చెప్పే పాత పూజ. లత్తీను పైకి కనిపించేది మాత్రమే. 1960లలో బిషప్పులంతా కూడి చర్చిలో మార్పులు తెచ్చిన రెండవ వాటికన్ మహాసభ చెప్పినవన్నీ ఒప్పుకోవాలా, చివరికి ఎవరి మాట చెల్లాలి అన్న దగ్గరే అసలు పేచీ.

కావలి పక్క మా ఊళ్లో ఈ సంగతి ఎవరికీ పట్టేది కాదు. మా బాబాయి కొడుకు చెన్నైలో ఉద్యోగం చేస్తూ, పాత పూజనే పట్టుకున్న ఎస్.ఎస్.పి.ఎక్స్. అనే పదో పయస్ సభ గురువుల (ఫాదర్ల) పూజకు పోవడం మరిగాడు. క్రిస్మస్‌కు ఊరికొచ్చి, సత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) వరసలో ఉన్నట్టుండి మోకాళ్లేశాడు. వెనకున్న పెద్దాయన చూసుకోక వాడి మీద పడబోయాడు. ఫాదర్ గారు ఏమీ అనకుండా నాలుక మీదే పెట్టి పంపించారు. మా అవ్వ మాత్రం సంబరపడిపోయింది, చిన్నప్పుడు పూజలో చెప్పడం నేర్చిన లత్తీను జవాబు ‘ఎత్ కుమ్ స్పిరితు తువో’ ఆమెకు ఇంకా నోటికొచ్చు, అర్థం మాత్రం అడక్కూడదు.

ఆ సభను 1970లో స్థాపించింది ఫ్రాన్స్ దేశపు ఆర్చ్‌బిషప్ మార్సెల్ లెఫెవ్ర్. 1988 మే 5న రోమ్‌తో రాజీపత్రం మీద సంతకం పెట్టి, మర్నాడే వెనక్కి తీసుకున్నాడు. అప్పటికి ఆయనకు 82 ఏళ్లు. తను పోతే తన దారిలో గురువులను అభిషేకించే బిషప్ ఉండడనీ, రోమ్ కావాలనే రోజులు సాగదీస్తోందనీ ఆయన అనుమానం. జూన్ 30న పోపు అనుమతి లేకుండానే నలుగురిని బిషప్పులుగా అభిషేకించాడు. రోమ్ వెలి వేసింది. ఆయన భయం నాకు అర్థమవుతుంది గానీ, పోపు వద్దన్నా బిషప్పులను చేసుకుని మేము పోపు కిందే ఉన్నామంటే ఎట్లా కుదురుతుంది?

16వ బెనెడిక్ట్ పోపు చాలా దిగొచ్చారు. 2007లో పాత పూజకు తలుపులు తెరిచారు, 2009లో ఆ నలుగురి మీద వెలి ఎత్తేశారు. ఆ తర్వాత సిద్ధాంతాల మీద చర్చలు ఏళ్ల తరబడి నడిచి, 2012 నాటికి ఎక్కడివక్కడే ఆగిపోయాయి.

2021లో పాత పూజకు మళ్లీ కళ్లెం వేసిన ఫ్రాన్సిస్ పోపే, అంతకుముందు 2015లో ఈ సభ గురువుల దగ్గర చేసే పాపసంకీర్తనం, అంటే పాపాలు ఒప్పుకుని క్షమాపణ పొందడం, చెల్లుతుందన్నారు. 2017లో పెళ్లిళ్లకూ దారి చూపించారు. మహాసభ మీద ఎవరి పట్టు వాళ్లదే, ఒక్క అక్షరం కుదరలేదు. కానీ మామూలు జనం పాపసంకీర్తనం, పెళ్లి మధ్యలో నలిగిపోకుండా చూశారు. సయోధ్య అంటే నాకు చర్చల కంటే ఇదే గట్టిగా కనిపిస్తుంది. మావాడు ఫ్రాన్సిస్ పేరెత్తితే మొహం చిట్లిస్తాడు, అది వేరే సంగతి.

ఇప్పుడు వాడికి ఒంగోలు సంబంధం కుదిరింది. పెళ్లి ఆ సభ ఫాదర్ చేతుల మీదుగానే జరగాలంటాడు. 2017 నాటి ఏర్పాటు ప్రకారం, వీలైనంతవరకు బిషప్ గారు పంపిన గురువు వధూవరుల సమ్మతి తీసుకోవాలి, ఆ తర్వాత సభ గురువు పూజ చెప్పుకోవచ్చు. అమ్మాయివాళ్లేమో పూజ తెలుగులోనే కావాలంటున్నారు, పిన్నికి రాత్రిళ్లు నిద్ర లేదు. ముందు మన ఫాదర్ గారిని కలిసి మాట్లాడరా అన్నాను. “కలుస్తాలే అన్నా” అన్నాడు, ఇంతవరకు పోలేదు.