లావా తూములో నాన్నతో

హవాయి అంటే బీచే అనుకుని బయల్దేరింది అమ్మ. తీరా హీలోలో దిగేసరికి వాన. బిగ్ ఐలాండ్‌కి తూర్పున ఉండే ఈ ఊళ్ళో అది మామూలేనట. మూడు రోజుల్లో సముద్రంలో కాలు పెట్టింది ఒక్కసారే, మిగతా టైమంతా నల్లరాయి చుట్టూనే తిరిగాం. అందుకు కారణం నాన్న.

నాన్న ముప్ఫయ్యేళ్ళు కొవ్వూరు దగ్గరి పంగిడి క్వారీల నుంచి కంకర లారీలు తిప్పారు. మొదటిరోజు వోల్కనోస్ నేషనల్ పార్కులో నాహుకు అనే లావా గుహలోకి వెళ్ళగానే, గోడమీద వేలి కణుపులతో కొట్టి చూసి, "ఇది మన పంగిడి రాయేరా" అన్నారు. నవ్వేశాను కానీ, ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. రెండూ బసాల్టే, అంటే లావా గడ్డకట్టి అయిన నల్లరాయే.

నాహుకుని 1913లో లోరిన్ థర్‌స్టన్ అనే పత్రికాధిపతి వెలుగులోకి తెచ్చాడు. వయసు సుమారు 500 ఏళ్ళు. లోపల లైట్లు పెట్టారు, నడవడానికి దారి చదును చేశారు. నాకైతే రైల్వేస్టేషన్ సబ్‌వేలో నడిచినట్టే ఉంది. అమ్మ ఇంకా నిరాశపడింది. "బొర్రా గుహల్లో ఎన్నెన్ని ఆకారాలుంటాయి! ఇక్కడేముంది, ఉత్త గొట్టం" అంది.

నిజంగానే గొట్టం. బొర్రాలో నీళ్ళు సున్నపురాయిని యుగాల తరబడి కరిగించాయి. ముందు కొండ, తర్వాతెప్పటికో గుహ. ఇక్కడ కొండా గుహా ఒకే కాన్పు. పాలు కాచి దించాక మీగడ కట్టినట్టు, పారుతున్న లావాకి గాలి తగిలి పైపొర గట్టిపడుతుంది. ఇక లోపలి వేడి బయటికి పోదు. 1,150 డిగ్రీల దగ్గరుండే లావా, ఆ కప్పు చాటున కిలోమీటరు పారినా చల్లారేది ఒక డిగ్రీ అటూ ఇటూగానే. పైన చూస్తే గడ్డకట్టిన నేల, కింద నిప్పుల ఏరు. కొండమీద ఊట ఆగిపోయాక, లోపలున్నది పల్లానికి జారిపోతుంది. మిగిలిన డొల్లే ఈ గుహ. ఎక్కువగా ఇలా చేసేది పహోయిహోయి అనే రకం. పాకంలా పల్చగా, నున్నగా, మడతలు పడుతూ పారుతుంది. ఆఆ అని ఇంకో రకం ఉంది, అది చిట్టెం రాళ్ళ గుట్టలా దొర్లుకుంటూ వస్తుంది.

ఇదంతా విని నాన్న ఒక్క మాటన్నారు. "అంటే తూము. కాలవ తనకి తానే తూము కట్టుకుందన్నమాట."

మర్నాడు ఆయన్ని లైట్లు లేని తూముకి తీసుకెళ్ళాను. హీలో నుంచి శాడిల్ రోడ్డు ఎక్కితే కొద్ది దూరంలోనే కౌమనా గుహ. టికెట్టూ లేదు, గైడూ లేడు. కప్పు కూలి పడిన గోతిలోకి మెట్లు దిగితే, రెండు వైపులా రెండు నోళ్ళు. అమ్మ పులిహోర డబ్బాతో పైనే కూర్చుంది.

ఈ గుహ వయసు కచ్చితంగా చెప్పొచ్చు. 1880 నవంబరులో మౌనాలోవా అనే అగ్నిపర్వతం బద్దలైంది. ఆ లావా నెలల తరబడి పాకి, 1881లో హీలో అంచుల దాకా వచ్చేసింది. హవాయి రాకుమారి రూత్ వెళ్ళి అగ్నిదేవత పేలేకి పట్టు రుమాళ్ళు, బ్రాందీ సమర్పించిందని చెబుతారు. లావా ఆగింది. ఆవిడ వల్లనా, ఊట అయిపోయా అన్నది ఆ ఊళ్ళో మనం వాదన పెట్టుకోకూడని విషయం.

మనిషికి మూడు లైట్లుండాలంటారు. అవి పట్టుకెళ్ళాం. నాన్నకి హెల్మెట్ పెట్టి, నాకు టోపీ చాల్లే అనుకున్నాను. పది నిమిషాల్లో తల ఠంగుమంది. కప్పుకి వేలాడేవి సొరచేప పళ్ళలాంటి రాతి మొనలు. గుహలో వేడికి కప్పే మళ్ళీ కరిగి బొట్లు బొట్లుగా జారబోతూ అలాగే గడ్డకట్టిపోయాయి. వాటి మధ్య నుంచి ఓహియా చెట్ల వేళ్ళు జుట్టులా దిగి ఉన్నాయి, చివర నీటిబొట్లతో. వాటిని ముట్టుకోకూడదు. వాటి రసం తాగి బతికే గుడ్డి పురుగులు ఈ దీవి గుహల్లో ఉన్నాయి.

గోడల పొడుగునా ఒకదాని కింద ఒకటిగా గీతలు. వరద తీశాక గోదావరి రేవు మెట్ల మీద ఒండ్రు చార మిగులుతుందే, అచ్చం అలాగే. లావా మట్టం తగ్గుతూ తగ్గుతూ ఎక్కడెక్కడ ఆగిందో అవి చెబుతున్నాయి. నాన్న ఒక గీత మీద అరచెయ్యి ఆనించి, వంగి నడుస్తూ చాలా దూరం వెళ్ళారు.

అక్కడ కూర్చుని లైట్లు ఆర్పేశాం. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. అప్పుడు చెప్పాను: మన పంగిడి రాయి దక్కన్ లావానేననీ, ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట పడమటి కనుమల వైపు నుంచి దాదాపు 1,000 కిలోమీటర్లు పారి వచ్చిందని పరిశోధకులు అంటారనీ, అంత దూరం చల్లారకుండా రావాలంటే అదీ ఇలా గట్టి పొర చాటునే వచ్చి ఉంటుందనీ. చీకట్లో కాసేపు చప్పుడు లేదు. "నేనే లారీలో అంత దూరం ఎప్పుడూ తోల్లేదురా" అన్నారు.

పైకొచ్చాక ఒక చిన్న రాయి జేబులో వేసుకోబోతే అమ్మ పట్టేసుకుంది. ఇక్కడి రాళ్ళు పట్టుకెళ్తే పేలేకి కోపం వస్తుందనీ, భయపడి జనం వాటిని పార్సెల్‌లో వెనక్కి పంపిస్తుంటారనీ అంతకుముందే నా నోటితో చెప్పాను. రాయి అక్కడే పెట్టించింది. ఆ రాత్రి రూములో నాన్న బూట్లు విదిలిస్తే చారెడు నల్ల ఇసుక రాలింది. అమ్మ దాన్ని కాగితంలో పొట్లం కట్టింది. మర్నాడు ఎయిర్‌పోర్టుకి వెళ్ళాల్సిన కారుని ముందు కొండమీదికి తిప్పించి, వానలో గొడుగు పట్టుకుని మెట్లు దిగి, ఆ పొట్లం అక్కడ విప్పి వచ్చింది.