యెరూషలేములో పొలం లెక్కలు

యెరూషలేములో శుక్రవారం మధ్యాహ్నం దాటాక బయట పని పెట్టుకోకండి. సాయంత్రానికి ముందే బస్సులూ ట్రామూ ఆగిపోతాయి, మళ్ళీ శనివారం చీకటి పడ్డాకే కదులుతాయి. ఆ టైములో దొరికిన టాక్సీవాడు మీటరు వెయ్యనన్నాడు. మహనే యెహూదా మార్కెట్ నుంచి రెహావియాకి 2 కిలోమీటర్లు కూడా ఉండదు, 70 షెకెళ్ళు అడిగాడు. 2022 మే నెలలో షెకెల్ అంటే దాదాపు 23 రూపాయలు. కూరగాయల సంచులు రెండు చేతులా పట్టుకుని నడిచే వెళ్ళాను. దారిలో ఉండగానే యూదుల విశ్రాంతి దినం సబ్బాతు మొదలవుతోందని సైరన్ మోగింది.

రెహావియాలో మా పెదనాన్న కూతురు కేర్‌గివర్‌గా పనిచేస్తుంది. నడవలేని ఒక పెద్దాయన్ని చూసుకుంటూ వాళ్ళింట్లోనే ఉంటుంది. నేను వస్తున్నానంటే ఆయనే హాల్లో పడుకోమన్నారట. బేత్లెహేము, గలిలయ సముద్రం, మృత సముద్రం అన్నీ చూశాను. వాటి గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు రాయాలనిపించింది ఈ ఇంటి గురించీ, మర్నాడు ఉదయం గురించీ.

వంటింట్లో కీరా చెక్కుకుని తొక్క చెత్తబుట్టలో వెయ్యబోతుంటే అక్క చెయ్యి పట్టుకుంది. "ఒరే, అందులో కాదు, దీన్లో వెయ్యి." గట్టు మీద మూతున్న చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంది. అది షెమిటా ఏడాది. ఏడేళ్ళకోసారి భూమికి సెలవు. 2021 సెప్టెంబరు నుంచి 2022 సెప్టెంబరు దాకా నడిచింది. ఆ ఏట కోసిన కూరగాయ పవిత్రం కాబట్టి దాని తొక్కని మామూలు చెత్తలో కలపరు. విడిగా ఉంచి, కుళ్ళి తినడానికి పనికిరాకుండా పోయాకే పారేస్తారు. పవిత్రత అంటే గుడి, ప్రార్థన, ఉపవాసం అనుకునే నాకు, ఈగలు ముసరకుండా మూతపెట్టిన ఆ తొక్కల డబ్బా చూస్తే వింతగానూ ఉంది, గౌరవమూ కలిగింది. అక్క దాన్ని ఆయన మందులంత జాగ్రత్తగా చూసుకుంటోంది.

ఉదయం చక్రాల కుర్చీ తోసుకుంటూ ఆయన్ని సమాజమందిరానికి, అంటే యూదుల ప్రార్థన మందిరానికి, నేనే తీసుకెళ్ళాను. అక్క ఆడవాళ్ళ వైపు వెళ్ళింది. చిన్న హాలు, వంద మంది కూడా పట్టరు. తోరా అంటే మోషే ధర్మశాస్త్రం, దాన్ని ఏడాది పొడవునా వారానికో భాగం చొప్పున చదువుతారు. మొత్తం 54 భాగాలు. ఆ వారం వచ్చింది 'బెహర్', లేవీయకాండం 25వ అధ్యాయం. తోలు చుట్ట మీద చేత్తో రాసిన అక్షరాలకి అచ్చుల గుర్తులు ఉండవు. చదివేవాడు చివర చిన్న వేలున్న వెండి పుల్లతో వరస వెంబడి జరుపుకుంటూ రాగంగా చదువుతున్నాడు. ఒకచోట తప్పు పలికాడు. నలుగురైదుగురు ఒక్కసారే అరిచారు. అతను వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాడు. ఎవరూ నొచ్చుకోలేదు.

ఆ అధ్యాయం ముందురోజు రాత్రి అక్క తెలుగు బైబిల్లో చదువుకున్నాను. మా కోనసీమలో ప్రతి జనవరి ఒకటిన "ఇది నీ సునాద సంవత్సరం" అని పాస్టర్‌గారు గట్టిగా అంటే మేము ఆమెన్ అంటాం. దీవెన అనుకునేవాణ్ణి. అసలు అధ్యాయం నిండా పొలం లెక్కలే! భూమిని శాశ్వతంగా అమ్మకూడదు. యాభయ్యో ఏడు, అంటే ఆ సునాద సంవత్సరం, వచ్చేసరికి అది మొదటి కుటుంబానికి తిరిగి వెళ్ళాలి. కాబట్టి కొనేవాడు కొనేది నేల కాదు, మిగిలిన పంటలు. ఆ ఏళ్ళు ఎక్కువుంటే ధర ఎక్కువ, తక్కువుంటే తక్కువ. పేదరికం వల్ల ఒకడు పొలం అమ్ముకుంటే దగ్గర చుట్టం వచ్చి డబ్బు కట్టి విడిపించాలి. చితికిపోయిన సోదరుడి దగ్గర వడ్డీ తీసుకోకూడదు.

తర్వాత ప్రవక్తల గ్రంథాల నుంచి యిర్మీయా 32వ అధ్యాయం చదివారు. అందులో బబులోను సైన్యం యెరూషలేముని ముట్టడించి ఉంది. యిర్మీయా ప్రవక్త చెరసాలలో ఉన్నాడు. చిన్నాన్న కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో నా పొలం కొను, విడిపించే హక్కు నీదే అంటాడు. శత్రువుల చేతికి పోబోతున్న నేలకి ఆయన 17 తులాల వెండి తూచి ఇచ్చి, సాక్షుల సంతకాలు పెట్టించి, దస్తావేజుల్ని మట్టికుండలో భద్రం చెయ్యమని తన లేఖకుడు బారూకుకి అప్పగిస్తాడు.

నా గుండె బరువెక్కింది. అక్క ఇజ్రాయెల్ రావడానికి ఏజెంటుకి కట్టాలని పెదనాన్న ఎకరంన్నర వరిచేను తాకట్టు పెట్టాడు. నూటికి మూడు రూపాయల వడ్డీ. పెదనాన్న పోయాడు. అక్క ఇక్కడ ఒకరికి స్నానం చేయిస్తూ, రాత్రి మూడుసార్లు లేచి పక్క మారుస్తూ ఎకరం విడిపించింది. మా ఇళ్ళలో మగవాళ్ళం చాలామందిమే ఉన్నాం. దగ్గర చుట్టం చెయ్యాల్సిన పని ఆమె ఒక్కతే చేసింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. "భూమి నాది, మీరు నా దగ్గర పరదేశులు" అని ఆ అధ్యాయంలో దేవుడంటాడు. ముందురోజే యెరూషలేములో పాలస్తీనాకి చెందిన అల్ జజీరా జర్నలిస్టు షిరీన్ అబూ అక్లే అంత్యక్రియలు జరిగాయి. శవపేటిక మోసేవాళ్ళని ఇజ్రాయెల్ పోలీసులు లాఠీలతో కొట్టడం లోకమంతా చూసింది. మర్నాడు ఆ వాక్యం వింటే నాకు మింగుడు పడలేదు. కుర్చీలోని పెద్దాయనతో అన్నాను. ఆయన వాదించలేదు. "ఇది చదివి తలెత్తుకోగలిగిన సంవత్సరం మాకు ఇంకా రాలేదు" అన్నారు.

తిరిగొస్తూ దారిలో అక్కని అడిగాను, అరెకరం మీద ఇంకా ఎంతుందని.

"నీకెందుకురా, నీకు హోమ్ లోన్ ఉంది కదా."

"అసలు ఎంతో చెప్పు."

"అసలు రెండు లక్షల ఎనభై. వడ్డీ అడక్కు."

ఊరెళ్ళాక మా నాన్నని వెంటబెట్టుకుని వెళ్ళి అప్పిచ్చినాయన దగ్గర కూర్చున్నాను. వడ్డీలో ఒక్క రూపాయి తగ్గించనన్నాడు. కాగితం చేతికొచ్చేసరికి సంక్రాంతి అయింది. పట్టా అక్క పేరు మీదే పెట్టించాం.