సాలార్‌జంగ్ వద్దన్న బొమ్మలు

ఢిల్లీ వెళ్లినవాళ్లెవరూ ఇండియా గేట్ చూడకుండా రారు. దానికి కూతవేటు దూరంలో ఉన్న జైపూర్ హౌస్‌లో అడుగుపెట్టినవాళ్లు మాత్రం మా బంధువుల్లో ఒక్కరూ లేరు. ఏళ్ల తరబడి అక్కడే ఉంటున్న మా మావయ్య కూడా "అదేదో గవర్నమెంటాఫీసు కాదట్రా?" అన్నాడు. ఆఫీసు కాదు మావయ్యా, నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్, మన దేశపు ఆధునిక చిత్రకళంతా ఒకచోట చేర్చిన మ్యూజియం అని చెప్పి ఆయన్నీ బయల్దేరదీశాను. సోమవారం సెలవు కాబట్టి మంగళవారం వెళ్లాం. టికెట్ 20 రూపాయలు. "సినిమా హాల్లో దీనికి సమోసా కూడా రాదు" అని మావయ్య సంబరపడ్డాడు.

ఇండియా గేట్ చుట్టుపక్కల ఇలాంటి 'హౌస్'లు చాలానే ఉన్నాయి. సంస్థానాల రాజులు ఢిల్లీ వచ్చినప్పుడు దిగడానికి కట్టించుకున్నవి. నిజాంది హైదరాబాద్ హౌస్. జైపూర్ మహారాజుది 1936 నాటిది. రెండూ రెక్కలు చాపిన సీతాకోకచిలుక ఆకారంలోనే ఉంటాయి, మధ్యలో గుమ్మటం. హైదరాబాద్ హౌస్‌లో ఇప్పుడు ప్రధానమంత్రి విదేశీ అతిథులతో సమావేశమవుతారు, మనల్ని గేటు దాటనివ్వరు. జైపూర్ రాజుగారింట్లో మాత్రం ఎవరైనా టికెట్ కొనుక్కుని దర్జాగా తిరగొచ్చు.

ఇల్లు మ్యూజియం కావడానికి కొంత కాలం పట్టింది. స్వతంత్ర దేశానికి ఒక జాతీయ చిత్రశాల ఉండాలన్న ఆలోచన 1949లో మొదలైంది. 1954 మార్చి 29న అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ దీన్ని ప్రారంభించారు, నెహ్రూ కూడా వచ్చారు. మొదటి క్యూరేటర్ హెర్మన్ గోట్జ్ అనే జర్మన్ పండితుడు. అంతకుముందు బరోడా మ్యూజియం చూసుకున్నాయన. గ్యాలరీని శిల్పాల ప్రదర్శనతో మొదలుపెట్టారు. అందులో మొదటి బహుమతి దేవీప్రసాద్ రాయ్ చౌధురి 'శ్రమ విజయం' శిల్పానికి వచ్చింది. పెద్ద బండను కదిలించడానికి నలుగురు మనుషులు ఒళ్లు విల్లులా వంచి తోస్తుంటారు. చెన్నై మెరీనా బీచ్‌లో చూసినవాళ్లకు వెంటనే గుర్తొస్తుంది. ఇక్కడ పచ్చికలోనూ ఆ విగ్రహం ఉంది. ఆ నలుగురి వీపుల్నీ, పిక్కల్నీ చుట్టూ తిరిగి చూశాక మావయ్యకు హుషారొచ్చింది. రాయ్ చౌధురి బెంగాలీ అయినా దాదాపు మూడు దశాబ్దాలు మద్రాసు ఆర్ట్ స్కూలుకు ప్రిన్సిపాల్, కాబట్టి మనకు పరాయివాడేం కాదు.

పాత భవనం చాలక వెనుక కట్టిన కొత్త భవనం 2009లో తెరిచారు. అసలు సరుకంతా అందులోనే. రవివర్మ 'వెన్నెల్లో యువతి' దగ్గర అందరిలాగే కాసేపు ఆగాం. రవీంద్రుడి బొమ్మల ముందు మావయ్య "ఈయన పాటలే బాగున్నాయి" అని తీర్పు చెప్పేశాడు. అరవై దాటాక కుంచె మీద అంత ఇష్టం పెంచుకున్న మనిషిని అలా తీసిపారేయడం నాకు నచ్చలేదు గానీ, వాదన పెట్టుకోలేదు. నందలాల్ బోస్ హరిపుర పోస్టర్లు మాత్రం ఇద్దరికీ నచ్చాయి. 1938లో హరిపురలో జరిగిన కాంగ్రెస్ మహాసభల కోసం గాంధీజీ అడిగితే వేసినవి. డోలు వాయించేవాడు, చెప్పులు కుట్టేవాడు, దంపుళ్ల ఆడవాళ్లు. మందపాటి గీత ఒక్క ఊపులో సాగిపోతుంది. సభలకు నడిచొచ్చే రైతు ఆగకుండానే చూసి అర్థం చేసుకోవాలి కదా!

నేను వచ్చింది చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ కోసం. తల్లి హంగేరియన్, తండ్రి సిక్కు. పారిస్‌లో చదువుకుని 1934లో తిరిగొచ్చింది. మరుసటి ఏడు వేసిన 'ముగ్గురమ్మాయిలు' ముందు చాలాసేపు నిలబడిపోయాను. ముగ్గురూ పక్కపక్కనే ఉన్నారు, ఒకరినొకరు చూసుకోరు. చూపులన్నీ కిందికే. దేనికోసమో ఎదురు చూస్తున్నారని తెలుస్తుంది, అది వాళ్లు కోరుకున్నది కాదనీ తెలుస్తుంది. ఆ తర్వాత ఆమె అజంతా చూసి, దక్షిణాదంతా తిరిగి 1937లో మూడు పెద్ద బొమ్మలు వేసింది. వాటిలో ఒకటి 'పెళ్లికూతురి అలంకరణ'. సింగారం జరుగుతోంది, ఒక్క ముఖంలోనూ పెళ్లికళ లేదు.

ఆ రోజుల్లో ఈమె బొమ్మలకు గిరాకీ లేదంటే నమ్మబుద్ధి కాదు. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ నవాబు చూసి తిప్పి పంపేశాడు. ప్రపంచమంతా గాలించి వస్తువులు పోగేసినాయన! మైసూరు మహారాజేమో ఈమెను కాదని రవివర్మ బొమ్మలు తీసుకున్నాడు. 1941లో లాహోర్‌లో ఇరవై ఎనిమిదేళ్లకే ఆమె పోయింది. ఆ తర్వాత తండ్రీ, భర్తా ఇచ్చిన బొమ్మలే ఈ గ్యాలరీకి పెద్ద ఆస్తి. ఇప్పుడు ఆమె చిత్రాలు జాతీయ కళాసంపద, చట్టప్రకారం దేశం దాటడానికి వీల్లేదు. 2023లో ఒకటి వేలంలో 61.8 కోట్లు పలికింది. ఈ మాట చెప్పగానే మావయ్య వెనక్కెళ్లి ఆ ముగ్గురమ్మాయిల్నీ ఇంకోసారి చూసొచ్చాడు.

పై అంతస్తుల్లో ఈ కాలం ఇన్‌స్టలేషన్లు, అంటే రకరకాల వస్తువులు పేర్చి చేసే కళాకృతులు, త్వరత్వరగా చూసేశాం. వైర్లూ, రేకులూ నాకు ఎక్కవు.

క్యాంటీన్‌లో టీ తాగుతూ ఆయనకు మన చిత్రకారుడు దామెర్ల రామారావు గురించి చెప్పాను. షేర్‌గిల్ కంటే ముందుతరం, రాజమండ్రి మనిషి. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండకుండా 1925లో మశూచితో పోయాడు. ఆయనా ఆడవాళ్ల సింగారం గీశాడు, 'పుష్పాలంకరణ'. కాకపోతే అక్కడ దిగులుండదు. ఆయన పేరు మీద రాజమండ్రిలో ప్రభుత్వ గ్యాలరీ ఉంది. 2027లో గోదావరి పుష్కరాలకు మావయ్య ఎలాగూ వస్తాడు. స్నానం అయ్యాక నేరుగా గ్యాలరీకే అని ఇప్పుడే ఒప్పించుకున్నాను. అత్తయ్యను ఒప్పించే పని ఆయనది.