ఫాస్ట్‌నెట్ రేసు లాగ్: తొమ్మిది నిమిషాల రీఫ్

మార్చి

నలభై అడుగుల తెరచాప పడవ, తొమ్మిది మందిమి. స్కిప్పర్ (కెప్టెన్), మేట్ (అతని తర్వాతివాడు), నావిగేటర్ (దారి లెక్కలు చూసేవాడు), ఈ ముగ్గురికీ ఇదే బతుకుతెరువు. మిగతా ఆరుగురం డబ్బు కట్టి ఎక్కినవాళ్లం. జులైలో ఇంగ్లండ్‌లోని కౌస్ నుంచి బయల్దేరి, ఐర్లండ్‌కు దక్షిణాన ఉన్న ఫాస్ట్‌నెట్ రాతిని చుట్టి, ఫ్రాన్స్‌లోని షెర్‌బూర్‌కి చేరాలి. మొత్తం 695 నాటికల్ మైళ్లు.

సాధన మొదటి రోజంతా ఒకటే పని, రీఫ్. గాలి పెరిగినప్పుడు పెద్ద తెరచాపను కొంత కిందికి దించి కట్టేయడం అన్నమాట. మాకు తొమ్మిది నిమిషాలు పట్టింది. అందులో సగం అరుపులకే పోయింది. మేట్ ఏమీ అనలేదు, స్టాప్‌వాచ్ చూపించి "మళ్లీ" అన్నాడు. అలా పదకొండుసార్లు.

వరుస రాసుకున్నాను. పెద్ద తెరచాపను అదుపు చేసే తాడు (మెయిన్‌షీటు), బూమ్‌ని, అంటే చాప అడుగున ఉండే అడ్డకర్రని, కిందికి పట్టి ఉంచే తాడు (వ్యాంగ్) వదలాలి. చాపను పైకెత్తే తాడు, హాల్యార్డ్‌ని గుర్తు దాకా దించాలి. తెరచాప ముందంచున ఉన్న రింగును కొక్కేనికి తగిలించాలి. హాల్యార్డ్ మళ్లీ బిగించాలి. ఆ తర్వాతే చాప వెనకంచును బూమ్‌కి లాగే రీఫ్ తాడు లాగాలి. తొందరపడి తాడు ముందే లాగితే చాప వెనక్కి జరిగి రింగు ఊడొస్తుంది. మాకు నాలుగుసార్లు ఊడింది. వ్యాంగ్ వదలడం మరిచిపోతే బూమ్ పైకి లేవదు, వించ్ (తాళ్లు బిగించే చేతి యంత్రం) తిప్పేవాడి భుజాలు పోతాయి. ఆ భుజాలు నావే.

ఏప్రిల్

ఐదు నిమిషాలకు వచ్చాం, కానీ పగటిపూట. రాత్రి చేస్తే మళ్లీ ఎనిమిది. హాల్యార్డ్ మీద పెన్నుతో పెట్టిన గుర్తు చీకట్లో కనపడదు. హెడ్‌టార్చ్ వేస్తే చుక్కాని పట్టుకున్నవాడి కళ్లు చెదురుతాయి. అందుకని ఆ చోట తాడు చుట్టూ ఎర్ర దారంతో గట్టిగా కుట్టాను, రెండు వేళ్ల వెడల్పున గరుకుగా తగిలేలా. ఇప్పుడు తాడు చేతిలోంచి జారుతుంటే ఎక్కడ ఆపాలో అరచేతికే తెలిసిపోతుంది. ఈ సీజన్‌లో నేను చేసిన పనికొచ్చే పని ఇదొక్కటే అనుకుంటా.

మే

సీ సర్వైవల్ కోర్సు. ఈతకొలనులో బోర్లాపడ్డ రాఫ్ట్‌ని (ప్రాణాలు కాపాడే గాలి తెప్పని) తిప్పడం ఊహించినంత కష్టం కాదు, తడిసిన బట్టలతో అందులోకి ఎక్కడమే కష్టం. తొడల మధ్య పట్టీ పెట్టుకోకపోతే లైఫ్‌జాకెట్ ఉబ్బి ముఖం మీదకి వచ్చేస్తుంది. నేను పెట్టుకోలేదు. ఇక జన్మలో మరిచిపోను. ఆ జాకెట్‌ని ఉబ్బించే చిన్న గ్యాస్ సిలిండర్ కూడా వాడకంలో మెల్లగా వదులవుతుంది, పడవెక్కే ప్రతిసారీ చేత్తో తిప్పి చూడాలి.

1979 ఫాస్ట్‌నెట్ రేసులో తుపానుకు 15 మంది పోటీదారులు చనిపోయారు. రాఫ్ట్‌లలోకి దిగినవాళ్లలో కొందరు పోయారు, వాళ్లు వదిలేసిన పడవల్లో కొన్ని తేలుతూనే దొరికాయి. పడవ నిజంగా మునిగిపోయేదాకా దాన్ని వదలొద్దని కోర్సులో పదేపదే చెప్పింది అందుకే.

నెలాఖరున ఎడిస్టోన్ లైట్‌హౌస్ దాకా వెళ్లి వచ్చే క్వాలిఫయింగ్ రేసు. పోర్ట్‌లాండ్ బిల్ అనే భూకొన దగ్గర గాలి చచ్చిపోయింది, ప్రవాహం ఎదురు తిరిగింది. స్కిప్పర్ తాపీగా లంగరు వేయించాడు. రేసులో లంగరేంటని నవ్వాం. పక్కన లంగరు వేయని పడవలు తెరచాపలన్నీ ఎత్తుకుని మరీ వెనక్కి కొట్టుకుపోతుంటే నవ్వు ఆగింది.

జులై, రేసు

శనివారం మధ్యాహ్నం బయల్దేరాం. నాలుగు గంటలు డ్యూటీ, నాలుగు గంటలు నిద్ర. వాంతుల మాత్ర ముందు రాత్రి నుంచే మొదలుపెట్టాను, అయినా ఆదివారం రెండుసార్లు కక్కాను. ప్రొఫెషనల్స్‌ని చూసి నేర్చుకున్నది మాత్రం ఒకటుంది: డ్యూటీ అయిన పది నిమిషాలకు వాళ్లు నిద్రలో ఉంటారు. నేను "ఇంకాసేపు చూస్తా" అంటూ పైనే కూర్చుని, తర్వాతి డ్యూటీలో తూలాను. మేట్ ఒకసారి కిందికి పొమ్మని గట్టిగానే అన్నాడు.

ఇంగ్లండ్ నైరుతి కొస, లాండ్స్ ఎండ్ దాటాక నైరుతి గాలి. సోమవారం రాత్రి 26 నాట్లకు (గంటకు దాదాపు 48 కిలోమీటర్లు) చేరింది. చాపను ఇంకా దించే రెండో రీఫ్‌కి పిలుపు వచ్చింది. పడవ ఒరిగి ఉంది, అలలు మీద పడుతున్నాయి. చీకటి. టెథర్ (పడవకు కట్టి ఉంచే రక్షణ పట్టీ) తగిలించుకుని మాస్ట్ (తెరచాప స్తంభం) దగ్గరికి పాకాను. తాడు జారింది, గరుకు తగిలింది, ఆపాను. "తగిలించా" అన్న ఒక్క కేక తప్ప ఎవరూ ఏమీ అరవలేదు. నావిగేటర్ లెక్కలో రెండు నిమిషాల పది సెకన్లు.

మంగళవారం తెల్లవారుజామున ఫాస్ట్‌నెట్. ముందు రాతి మీది లైట్‌హౌస్ లైటు తిరగడం కనిపించింది, ఆ తర్వాత రాయి. 54 మీటర్ల ఆ లైట్‌హౌస్ కింద నేను తిన్నది చల్లారిన పాస్తా. ఫొటో తీశాను, మసకగా వచ్చింది. అక్కణ్ణుంచి గాలి వెనక నుంచి, సిలీ దీవుల దక్షిణం మీదుగా హాయిగా వచ్చాం. ఆ భాగంలో రాయడానికి పెద్దగా ఏమీ లేదు.

గురువారం ఉదయం షెర్‌బూర్ చేరాం. నాలుగు రోజుల పదిహేడు గంటలు. మా విభాగంలో మధ్యలో ఎక్కడో ఉన్నాం.

మిగిలిన పనులు: ఎడమ వించ్ శబ్దం చేస్తోంది, విప్పి గ్రీజు పెట్టాలి. నా బూట్లలోకి నీళ్లు దిగుతున్నాయి. హాల్యార్డ్ మీది ఎర్ర దారం సగం ఊడింది, ఈసారి మైనం పట్టించిన దారంతో కుట్టాలి.