సీటు పైపులో దొరికిన డబ్బా రేకు

ఎర్రగడ్డ ఆదివారం సంతకు నేను పొద్దున ఏడు లోపే పోతాను. ఎండ ఎక్కేసరికి మంచి సామాను ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు. పోయిన నెల మిక్సీ జార్లు, పాత ఫ్యాన్ రెక్కలు కుప్పపోసిన పట్టా వెనక, గోడకు ఆనించి ఒక సైకిల్ ఫ్రేమ్ కనిపించింది. చక్రాల్లేవు, హ్యాండిల్ లేదు. ఫోర్కు, పెడళ్ల ఇరుసు, సీటు పైపు మాత్రం మిగిలాయి. ఒళ్లంతా బ్రష్‌తో పూసిన నల్ల రంగు. కింది పైపు మీద తెల్ల స్టిక్కరు: రాలీ.

“గిది అసలు రాలీ అక్కా, ఇంగ్లండ్ మాల్. రెండు వేలియ్యి” అన్నాడు అమ్మే పిల్లగాడు.

స్టిక్కరు మీద నాకు నమ్మకం లేదు. రేడియం కటింగ్ షాపుకు పోయి ఏ పేరు చెప్పినా పది నిమిషాల్లో కోసి చేతిలో పెడతారు. కానీ ఫ్రేమ్ పట్టుకుని లేపితే ఒక్క చేత్తో సులువుగా లేచింది. మామూలు నల్ల సైకిల్ ఫ్రేమ్ అలా లేవదు. బేరమాడి పదమూడు వందలకు తెచ్చుకున్నా. ఇంటికి రాగానే ఫోర్కు తీసి స్ప్రింగ్ త్రాసుకు వేలాడదీస్తే 2.2 కిలోలు చూపించింది.

నేను బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని. పొద్దంతా నా చేతిలో సన్న కొలతలు తీసే వెర్నియర్, మరలు లెక్కపెట్టే పిచ్ గేజ్ ఉంటాయి. సైకిళ్ల పిచ్చి మాత్రం బాపు నుంచి వచ్చింది. బోరబండ నుంచి సనత్‌నగర్ ఫ్యాక్టరీకి ఆయన ఇరవై ఆరేళ్లు ఒకే సైకిల్ మీద పోయివచ్చాడు. తాతకు పెళ్లిలో పెట్టిన సైకిల్ అది. మా వైపు ఊళ్లలో అప్పట్లో కట్నం అంటే వాచీ, రేడియో, సైకిల్. ఆ సైకిల్ ఇంగ్లండ్‌లో చేసిందా, ఇక్కడ చేసిందా అని మా ఇంట్లో ఎప్పుడూ వాదన నడిచేది.

ఆరేళ్ల కింద బాపుకు సంతోషంగా ఉంటుందని ఆ సైకిల్‌ని పౌడర్ కోటింగ్‌కు ఇచ్చాను. ఇస్తూ, ముందరి కంపెనీ పేరు బిళ్ల పోకుండా చూడండి, సీటు దగ్గర నంబరు ఉంది, దాన్ని ముట్టకండి అని రెండుసార్లు చెప్పాను. వారం తర్వాత తళతళలాడుతూ వచ్చింది. బిళ్ల లేదు. దాని రివెట్లు కోసేసి, రంధ్రాల్లో పుట్టీ నింపి పైన రంగు కొట్టారు. నంబరు ఉన్నచోట గ్రైండర్ పెట్టి నున్నగా చేశారు. “తుప్పు ఉండె మేడమ్, క్లీన్ చేసినం” అన్నారు. బాపు ఏమీ అనలేదు. ఆ రోజు సాయంత్రం వేలితో ఆ చోటు తడిమి చూసుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు గొంతులో అడ్డుపడుతుంది.

అందుకే ఈ ఫ్రేమ్ ఇంటికి రాగానే రంగు జోలికి పోలేదు.

పాత సైకిల్ ఎవరు చేశారో చెప్పాలంటే మనవాళ్లు ముందు బిళ్ల చూస్తారు. బిళ్ల ఉంటే అదృష్టమే, కానీ దానితో పని అయిపోదు. హంబర్ అనే సైకిళ్ల పేరును రాలీ కంపెనీ 1932లో కొనుక్కుంది. రడ్జ్‌ను 1943లో, బీఎస్ఏ సైకిళ్లను 1957లో తీసుకుంది. 1960లో రాలీయే ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే పెద్ద సంస్థలో కలిసిపోయింది. హెర్క్యులెస్, ఫిలిప్స్ అప్పటికే ఆ సంస్థవి. అంటే 1960ల నాటి రడ్జ్ సైకిల్ మీద రడ్జ్ బిళ్ల ఉన్నా లోపలిది రాలీ ఫ్రేమే. గుర్తులు మాత్రం పాతవి ఉంచారు. రాలీ చైన్ వీల్‌లో కొంగలు, రడ్జ్ చైన్ వీల్‌లో మనిషి అరచెయ్యి, హంబర్‌కు జంట పైపుల ఫోర్కు. ఇక మన దేశం సంగతి వేరే ఉంది. 1949లో మద్రాసు అంబత్తూర్‌లో టీఐ సైకిల్స్ మొదలై హెర్క్యులెస్ చేసింది. 1950ల మొదట్లో అసన్‌సోల్‌లో సేన్-రాలీ ఫ్యాక్టరీ వచ్చింది. కాబట్టి “మా తాతది రాలీ” అన్నంత మాత్రాన అది ఇంగ్లండ్‌లో రాలీ ఫ్యాక్టరీ ఉన్న నాటింగ్‌హమ్ నుంచి ఓడెక్కి వచ్చినట్టు కాదు.

నా ఫ్రేమ్‌కు బిళ్ల లేదు. చైన్ వీల్ లేదు. సీటు పైపు మాత్రం తుప్పుతో పట్టేసి ఉంది. రెండు రోజులు కిరోసిన్ పోసి నానబెట్టి, కర్ర సుత్తితో తట్టి తిప్పితే కిర్రుమంటూ కదిలింది. బయటికి లాగితే దాని చుట్టూ ఒక రేకు చుట్ట కూడా వచ్చింది. నూనె డబ్బా రేకు. పసుపు రంగు, పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ సగం కనిపిస్తోంది. ఎవరో కత్తెరతో అంచులు సరిగ్గా కోసి, మూడు చుట్లు చుట్టి, సీటు పైపుకు తొడిగి లోపలికి దించారు.

ఆ రేకు చేతిలోకి రాగానే నాకు విషయం సగం తెలిసిపోయింది. మన నల్ల సైకిళ్ల సీటు పైపు ఒక అంగుళం, అంటే 25.4 మిల్లీమీటర్లు. అది దిగే ఫ్రేమ్ పైపు బయటి కొలత 28.6. రెండింటి తేడా 3.2, దాన్ని రెండుగా పంచితే పైపు గోడ మందం 1.6 దాకా ఉంటుంది. ఆ లెక్కకు రేకుతో పని లేదు. ఇక్కడ రేకు చుట్టాల్సి వచ్చిందంటే ఫ్రేమ్ పైపు లోపల వెడల్పు ఎక్కువ, గోడ పలచన.

లోపల నూనె గుడ్డతో తుడిచి వెర్నియర్ పెట్టాను. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. సీటు బోల్టు బిగించీ బిగించీ పైపు నోరు చీలిక దగ్గర ముడుచుకుపోయి ఉంటుంది. అక్కడ కొలిస్తే 26.6 వచ్చింది. చీలిక కింది అంచు దాటి, టెలిస్కోపిక్ గేజ్ లోపలికి దించి, మూడు దిక్కులు తిప్పి కొలిస్తే 27.25, 27.3, 27.25. అంటే దీనికి పట్టే సీటు పైపు 27.2. గోడ మందం 0.7 కూడా లేదు. నల్ల సైకిల్ పైపులో సగానికంటే తక్కువ.

ఇంత పలచని పైపు అతుకుల దగ్గర నిలవాలంటే అక్కడ మందం ఉండాలి. బయట చూస్తే సమానంగా కనిపిస్తూ, లోపల చివర్లలో మందంగా, నడుమ పలచగా ఉండే పైపును బర్మింగ్‌హమ్‌లో ఆల్ఫ్రెడ్ రేనాల్డ్స్ 1897లో పేటెంట్ చేశాడు. అంతకు ముందు ఆ కుటుంబానిది మేకుల వ్యాపారం. బటెడ్ ట్యూబ్ అంటే ఇదే. సీటు కింది నిలువు పైపుకు మాత్రం మందం కింది చివరనే పెడతారు, పైచివర సీటు పైపు దిగాలి కదా. 1935లో అదే సంస్థ మాంగనీస్, మాలిబ్డినం కలిపిన ఉక్కుతో 531 అనే పైపులు తెచ్చింది. 1961లో వచ్చిన జాగ్వార్ ఈ-టైప్ కారుకు ఇంజన్ మోసే ముందు చట్రం కూడా ఈ 531 పైపులదే. ఈ ఉక్కును మామూలు వెల్డింగ్‌లో మరీ వేడి చేస్తే బలం పోతుంది. అందుకే పైపుల చివరలను లగ్గులు అనే ఉక్కు తొడుగుల్లోకి దించి ఇత్తడితోనో వెండితోనో మాటు వేసేవారు.

27.2 వచ్చింది కాబట్టి రేనాల్డ్సే అనుకోవడానికి లేదు. మిలాన్‌లో ఆంజెలో లుయిజి కొలంబో 1919లో మొదలుపెట్టిన కొలంబస్ కంపెనీ ఎస్ఎల్ పైపులకు కూడా అదే సైజు. తేడా తెలియాలంటే ఫోర్కు నిలువు పైపు లోపల, కింది చివర చూడాలి. కొలంబస్ అయితే అక్కడ ఐదు గట్లు తుపాకీ గొట్టంలో లాగా మెలితిరిగి ఉంటాయి. నేను టార్చి వేసి, చిటికెన వేలు పెట్టి తడిమాను. నున్నగా ఉంది.

వెనక చక్రం కూర్చునే చోట రెండు వైపులా మందపాటి ఫోర్జింగ్ ముక్కలు. గోరుతో రంగు గీకితే కాంపాగ్నోలో అక్షరాలు కనిపించాయి. ఇటలీ సరుకు అని సంబరపడే మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. ఆ ముక్కలను ప్రపంచంలో ప్రతి మంచి ఫ్రేమ్ బిల్డరూ కొనుక్కునేవాడు. లగ్గులూ అంతే, ఫ్రాన్స్‌లో చేసిన నెర్వెక్స్ లగ్గులు ఇంగ్లండ్ ఫ్రేముల నిండా ఉంటాయి. వాటిని బట్టి ఖరీదైన ఫ్రేమ్ అని చెప్పొచ్చు, ఏ ఊరిదో చెప్పలేం. వెనక ఆ రెండు ముక్కల మధ్య దూరం 120 మిల్లీమీటర్లు. అంటే ఐదు గేర్ల ఫ్రీవీల్ కాలం నాటిది.

ఊరు చెప్పేది పెడళ్ల ఇరుసు తిరిగే అడ్డ గొట్టం. మెకానిక్కులు బీబీ అంటారు. మోతీనగర్ దగ్గర ఒక చాచా దగ్గరికి తీసుకుపోయాను. డెబ్బై దాటిన మనిషి, నా చిన్నప్పటి నుంచి బాపు సైకిల్ చూసింది ఆయనే. పోయేముందే గొట్టం వెడల్పు కొలిచాను, 68. ఇటలీదైతే 70 ఉండాలి. ఫ్రాన్స్ ఫ్రేములకూ 68 ఉంటుంది కానీ వాటి పైపులు 28 మిల్లీమీటర్లు, నావి 28.6. మిగిలింది ఇంగ్లండ్ పద్ధతి. అందులో చైన్ వైపు కప్పుకు ఎడమ మరలు, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది.

“చాచా, ఇది ఉల్టా చూడీ.”

“నాకు జెప్తున్నవా బేటా?” అని నవ్వి, కప్పు అంచుకు ఆయిల్ చుక్కలు వేసి, ఒక బీడీ తాగేదాకా ఊరుకున్నాడు. తర్వాత పెద్ద పానా పట్టించి, దాని మీద అడుగు మోపి మెల్లగా బరువు వేశాడు. టక్కున ఒక చప్పుడు. కుడివైపుకే కదిలింది. ఎన్నో ఏళ్ల గ్రీజు గట్టిపడి నల్ల బెల్లంలా వచ్చింది.

పిచ్ గేజ్ పెట్టి చూస్తే అంగుళానికి 24 మరలు. ఇక్కడే నేను తొందరపడ్డాను. నాటింగ్‌హమ్‌లో చేసిన మామూలు రాలీలకు 26 మరలు, గొట్టం 71 లేదా 76 ఉంటుంది. 24 వచ్చింది కాబట్టి ఇది ఇంగ్లండ్‌లోని ఏదో చిన్న బిల్డర్ పని, రాలీ స్టిక్కరు అబద్ధం అని ఆ రాత్రి నోట్‌బుక్‌లో రాసేశాను.

చాచా మాత్రం గొట్టం కింద రంగు మందంగా ఉన్నచోట బొటనవేలితో రుద్దుతూ, “ఈడ ఏదో గుచ్చుకుంటుంది సూడు” అన్నాడు. నున్నటి వేయి నంబరు ఎమెరీ కాగితం నీళ్లలో ముంచి, అగ్గిపెట్టెంత జాగాలో రుద్దాను. థిన్నర్ వాడలేదు. అది రంగుతో పాటు కింద ఉన్న పాత అచ్చుబొమ్మలనూ తినేస్తుంది. గంటన్నరకు నల్ల రంగు, దాని కింద ఎర్ర ప్రైమరు పోయి అక్షరాలు తేలాయి. డబ్ల్యూ, కె, 4, తర్వాత వరుస అంకెలు.

1973 నుంచి రాలీ వాడిన పద్ధతిలో మొదటి అక్షరం ఫ్యాక్టరీ, రెండోది నెల, తర్వాతి అంకె ఏడాది. ఎన్ అయితే నాటింగ్‌హమ్. డబ్ల్యూ అంటే వర్క్‌సాప్ అనే ఊరు. అక్కడ కార్ల్‌టన్ అనే పాత కంపెనీ ఉండేది, 1960లో రాలీ దాన్ని కొంది. తర్వాత రాలీ పేరుతో అమ్మిన పైతరగతి 531 ఫ్రేములు చాలావరకు అక్కడే చేతిపనితో అయ్యేవి. కార్ల్‌టన్ వాళ్లు తమ పాత 24 మరల పద్ధతి మానలేదు. కె అంటే జులై. వర్క్‌సాప్ ఫ్యాక్టరీ 1981లో మూతపడింది కాబట్టి ఆ 4కు ఒక్కటే అర్థం: 1974.

స్టిక్కరు కొత్తదే, మాట మాత్రం నిజం. పిల్లగాడు చెప్పింది సరైనదే. నోట్‌బుక్‌లో నా వాక్యం కొట్టేసి నంబరు రాసి, పక్కన తేదీ వేశాను.

తర్వాత రెండు సాయంత్రాలు సీటు కింది నిలువు పైపు పైభాగంలో అలాగే నీళ్లతో రుద్దాను. ఆకుపచ్చ, బంగారు రంగుల్లో ఒక మూల బయటపడింది. 531 అంకెల్లో 5 పోయింది, 31 ఉంది. కింద బటెడ్ అనే మాట, దాని తర్వాత ఫోర్కు, స్టేలు (వెనక సన్న పైపులు) అన్న మాటలు సగం సగం. ఆ చివరి మాటలే నాకు కావాల్సింది. కొన్ని ఫ్రేములకు మూడు పెద్ద పైపులే 531 ఉండి, మిగతావి మామూలు ఉక్కువి ఉంటాయి. వాటి అచ్చుబొమ్మ మీద ఆ మాట వేరుగా రాసి ఉంటుంది. ఇది మొత్తం 531.

బాపును కుర్చీలో కూర్చోబెట్టి ఫ్రేమ్ ఒళ్లో పెట్టాను. ఒక చేత్తో లేపి, “దీని మీద సిలిండర్ కట్టుకుపోతే ఇరుగుతదా?” అని అడిగాడు. ఇరగదు బాపూ, అన్నాను. కింద నంబరు చూపిస్తే వేలితో ఒక్కో అంకె తడిమాడు.

రంగు ఇలాగే ఉంచుతున్నా. నూనె డబ్బా రేకును శుభ్రం చేసి, బోల్టుల డబ్బాలో దాచాను. 27.2 సీటు పైపు ఇక్కడ దొరకలేదు. రాణిగంజ్‌లో అల్యూమినియం రాడ్ కొని, మా పక్క షెడ్డులో లేత్ తిప్పే అన్నకు ఇచ్చాను. డ్రాయింగులో 27.2 రాసి, ఎక్కువ సున్నా, తక్కువ 0.05 అని పెట్టాను. శనివారం ఇస్తానన్నాడు.