ఎక్స్-15 కొత్త కిట్: పెట్టె చేతికి రాకముందే వేసుకోవాల్సిన లెక్కలు

అమెరికా రాకెట్ విమానం ఎక్స్-15కి కొత్త స్కేల్ కిట్ (అసలు కొలతల్ని తగ్గించి కట్టి ఎగరేసే మోడల్ రాకెట్) వస్తోందంటే చాలు, ఎంత పొడుగు, ఏ ఇంజిన్, నలుపా తెలుపా అన్న ప్రశ్నలే ముందు మొదలవుతాయి. నిజానికి ముందు అడగాల్సింది తోక గురించి. చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా, ఆ ఆకారం మోడల్ రాకెట్‌కి కలిసొచ్చేది కాదు. అసలు విమానాన్ని బి-52 బాంబర్ రెక్క కింద వేలాడదీసి, 13.7 కిలోమీటర్ల ఎత్తుకి తీసుకెళ్లి వదిలేవాళ్లు. లోపల పైలట్ ఉండేవాడు, తోక పలకలు కదిలేవి, ఊగిసలాటని సరిచేసే యంత్రాంగం ఉండేది. మోడల్‌లో ఇవేవీ లేవు. మీటరు పొడవు కూడా లేని కడ్డీ మీద నుంచి జారి, ఆ తర్వాత తన తోక బలంతోనే నిటారుగా వెళ్లాలి. అందుకే ఎక్స్-15 కిట్ ఎవరు చేసినా ఎక్కడో ఒకచోట రాజీపడక తప్పదు. తోకని కొలత కన్నా పెంచుతారు, లేదంటే ముక్కులో బరువు పోస్తారు. నా ఓటు రెండోదానికే. ముక్కులో మట్టి ఎవరికీ కనబడదు, ఉబ్బిన తోక షెల్ఫు మీద కూడా కనబడుతూనే ఉంటుంది.

ఏ ఎక్స్-15 అన్నది కూడా చిన్న విషయం కాదు. మూడు విమానాలు కలిసి 1959 జూన్ 8 నుంచి 1968 అక్టోబర్ 24 దాకా 199 సార్లు ఎగిరాయి, ఆ తొమ్మిదేళ్లలో రూపం మారుతూ వచ్చింది. మొదట్లో పెద్ద ఇంజిన్ సిద్ధం కాక రెండు చిన్న ఎక్స్ఎల్ఆర్11 ఇంజిన్లు బిగించారు. వెనక నుంచి చూస్తే ఎనిమిది చిన్న గొట్టాలు కనిపిస్తాయి, ముక్కు ముందు పొడవాటి కడ్డీ ఉంటుంది. 1960 నవంబర్ నుంచి పెద్ద ఇంజిన్ ఎక్స్ఎల్ఆర్99 వచ్చింది, ఒకటే పెద్ద నాజిల్. తర్వాత ముక్కు కడ్డీ పోయి గుండ్రటి బంతి ముక్కు వచ్చింది. ఎనిమిది గొట్టాల వెనక భాగానికి బంతి ముక్కు తగిలించిన కిట్ వస్తే, అది ఏ కొద్ది ప్రయోగాలకో సరిపోయే రూపమని గుర్తుంచుకోండి. తెల్లటి విమానం కావాలంటే అది ఎక్స్-15ఎ-2 ఒక్కటే. ప్రమాదం తర్వాత పొడుగు పెంచి మళ్లీ కట్టిన ఈ విమానానికి కిటికీలు కూడా కోడిగుడ్డు ఆకారంలోకి మారాయి. 1967 అక్టోబర్ 3న పైలట్ పీట్ నైట్ దాన్ని మాక్ 6.7 (ధ్వనికి 6.7 రెట్ల వేగం) దాకా తీసుకెళ్లాడు. కాబట్టి మామూలు పొడవు బాడీకి తెల్ల రంగు వేస్తే సరిపోదు. దీనికి బయట తగిలించే రెండు ట్యాంకులు కూడా కిట్‌లో ఇస్తే, వాటిని ఊడదీసేలా అమర్చుకోండి. బాడీ కింద వేలాడే ఆ బరువు, గాలి నిరోధం రెండూ రాకెట్‌ని ఒక పక్కకి లాగుతాయి.

స్కేలు అంకె చూడగానే పరిమాణం తెలిసిపోతుంది. అసలు పొడవు సుమారు 15.5 మీటర్లు, రెక్కల కొస నుంచి కొసకి 6.8 మీటర్లు. 1/40 అయితే 387 మి.మీ. పొడవు, 170 మి.మీ. రెక్కలు. 1/32 అయితే 484, 213. 1/24 అయితే 646, 283. కడుతున్నప్పుడు చేతికి సుఖంగా ఉండేది 1/32. 1/40లో పక్క తొడుగులు, కాక్‌పిట్ గాజు మరీ చిన్నవైపోతాయి.

ఇక అసలు లెక్క. గురుత్వ కేంద్రం (బరువు సమంగా తూగే చోటు) పీడన కేంద్రానికి (గాలి తోపు మొత్తం పనిచేసే చోటు) కనీసం ఒక బాడీ వ్యాసమంత ముందు ఉండాలన్నది మోడల్ రాకెట్ మొదటి పాఠం. ఎక్స్-15లో బరువైన తోక, వెనక ఇంజిన్ కలిసి గురుత్వ కేంద్రాన్ని వెనక్కి లాగుతాయి. ఉదాహరణకి 1/40 మోడల్ ఇంజిన్‌తో సహా 95 గ్రాములు తూగిందనుకుందాం. గురుత్వ కేంద్రం 30 మి.మీ. ముందుకి రావాలి. మట్టి పెట్టే చోటు, గురుత్వ కేంద్రం ఉండాల్సిన చోటికి 190 మి.మీ. ముందుంది. 95ని 30తో గుణించి 190తో భాగిస్తే 15 గ్రాముల మట్టి. మొత్తం 110 గ్రాములైంది. సి6-3 ఇంజిన్‌కి తయారీదారు చెప్పే గరిష్ఠ బరువు 113 గ్రాములు. అంటే అంచు మీద నిలబడ్డాం, ఇంకా రంగు కూడా వేయలేదు. పోనీ పెద్ద ఇంజిన్ పెడదామంటే డి12 సుమారు 18 గ్రాములు ఎక్కువ బరువు, ఆ బరువంతా తోకలోనే. అది గురుత్వ కేంద్రానికి 150 మి.మీ. వెనక ఉందనుకుంటే, సరిచేయడానికి ముక్కులో ఇంకో 14 గ్రాములు కావాలి. తా దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టు ఉంటుంది ఈ వ్యవహారం. డి12 తన 396 గ్రాముల పరిమితిలో ఈ బరువుని తేలిగ్గానే మోస్తుంది కానీ, దానికి 24 మి.మీ. గొట్టం కావాలి. కిట్ 18 మి.మీ. గొట్టంతో వస్తే సి5-3 మంచి దారి. పరిమాణం సి6దే, మొదటి తోపు బలంగా ఉంటుంది, పరిమితి 226 గ్రాములు.

పై లెక్కలో దాగున్న ఇంకో మాట ఉంది. తోకలో చేరిన ప్రతి గ్రాముకీ ముక్కులో ముప్పావు గ్రాముకి పైగా చేర్చాలి. జిగురు ధారాళంగా పోసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

పీడన కేంద్రం కనుక్కోవడానికి బారోమన్ సూత్రాలే అందరూ వాడేది, ఓపెన్‌రాకెట్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవీ ప్రధానంగా అవే. కానీ అవి గుండ్రటి బాడీకి, పలుచటి ఫిన్‌లకి (తోక పలకలకి) రాసినవి. ఎక్స్-15కి రెండు పక్కలా పొడుగునా సాగే తొడుగుల్ని అవి సరిగా పట్టించుకోవు. పైగా ఈ విమానం పైనుంచి చూస్తే ఒకలా, పక్కనుంచి చూస్తే ఇంకోలా ప్రవర్తిస్తుంది. ముక్కు పైకీ కిందకీ ఊగితే రెక్కలు, అడ్డ తోక రెండూ పనిచేస్తాయి. ఎడమకీ కుడికీ ఊగితే నిలువు తోక ఒక్కటే దిక్కు. అందుకని రెండు దిశల్లోనూ విడివిడిగా చూడాలి. సాఫ్ట్‌వేర్ మీద నమ్మకం చాలకపోతే పాత పద్ధతి ఉండనే ఉంది. అట్టముక్క మీద పైచూపు, పక్కచూపు నీడబొమ్మలు గీసి, కత్తిరించి, ఒక్కొక్కదాన్నీ స్కేలు అంచు మీద నిలబెట్టండి. నిలిచిన చోటు అసలు పీడన కేంద్రం కన్నా సాధారణంగా ముందే పడుతుంది, అంటే తప్పు జరిగినా భద్రత వైపే జరుగుతుంది. రెండిటిలో ఏది ముందుంటే దాన్నే లెక్కలోకి తీసుకోండి. కిట్ దారిలో ఉండగానే ప్రచురితమైన మూడు వైపుల బొమ్మతో ఈ పని ముగించుకోవచ్చు.

నిలువు తోక దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే కిట్ తయారీదారు ఎంత శ్రద్ధ పెట్టాడో అక్కడే తేలిపోతుంది. అసలు విమానంలో పైనా కిందా ఉన్న నిలువు తోకలు చీలిక ఆకారంలో ఉంటాయి. ముందు అంచు సన్నం, వెనక అంచు గోడలా మందం, మధ్య కోణం 10 డిగ్రీలు. ధ్వనికి ఐదారు రెట్ల వేగంలో పలుచటి తోక పట్టు కోల్పోతుందని ఇలా చేశారు. అడ్డ తోక మాత్రం మామూలు పలుచటిదే, 15 డిగ్రీలు కిందకి వంగి ఉంటుంది. అన్నిటినీ ఒకే మందం బాల్సా (తేలికపాటి కర్ర) పలక నుంచి కోసిచ్చిన కిట్‌ని స్కేల్ కిట్ అనడం కష్టం. 10 డిగ్రీల కోణంతో 60 మి.మీ. నిడివి తోకకి వెనక అంచు 10 మి.మీ. పైనే వస్తుంది. దాన్ని గట్టి బాల్సా దిమ్మెతో చేస్తే బరువు. వెనక ఒక 10 మి.మీ. పట్టీ నిలబెట్టి, 0.8 మి.మీ. బాల్సా పలకలు రెండిటిని ముందు అంచు దగ్గర కలిపి అతికిస్తే, లోపల బోలుగా ఉంటుంది, బరువు తక్కువ. పలకల నార ముందు అంచుకి సమాంతరంగా ఉండాలి, అడ్డంగా పోతే మొదటి దిగుడుకే విరుగుతుంది. కాగితం అతికించి గట్టి చేస్తే రెండు వైపులా ఒకేసారి అతికించి బరువు కింద ఆరనివ్వండి. ఒక వైపే అతికిస్తే వంకర తిరుగుతుంది.

కింది తోక గురించి ఒక హెచ్చరిక. దిగాక తీసిన ఫొటోల్లో ఆ తోక పొట్టిగా కనిపిస్తుంది. వెనక దిగే స్కీలు పొట్టివి కావడంతో నేల తాకేముందు దాని కింది ముక్కని విడగొట్టేసేవాళ్లు. చివరి ఏళ్లలో ఆ ముక్క లేకుండానే చాలాసార్లు ఎగిరింది కూడా. మోడల్‌కి మాత్రం అది ఉండి తీరాలి. పక్క దిశలో స్థిరత్వంలో చెప్పుకోదగ్గ భాగం అక్కడిదే.

పక్క తొడుగులు అసలు విమానంలో గొట్టాలు, తీగలు పోయే దారులు, బాడీ అంతా ట్యాంకులతోనే నిండిపోయింది కాబట్టి. కిట్‌లో ఇవి అచ్చుపోసిన పలుచటి ప్లాస్టిక్ అయితే కత్తెరతో కోయకండి, చిట్లుతుంది. కత్తితో రెండు మూడుసార్లు గీసి విరవాలి. కాగితపు గొట్టానికి ప్లాస్టిక్ అతకడానికి కర్ర జిగురు పనికిరాదు. అతికే చోట సాండ్ పేపర్‌తో గరుకు చేసి ఎపాక్సీ పలుచగా రాయండి. కాక్‌పిట్ గాజు దగ్గర సూపర్ గ్లూ వాడితే ఆవిరికి తెల్లబారుతుంది.

ముక్కు భాగం ఊడి ప్యారాచూట్ బయటికి రావాలి, కాక్‌పిట్ ఆ ఊడే భాగం మీదే ఉంటుంది. అది అర అంగుళం తిరిగినా రూపం పాడవుతుంది. ముక్కు మెడ మీద సన్నటి ప్లాస్టిక్ పట్టీ, గొట్టం లోపల దానికి సరిపడా గాడి పెట్టుకుంటే ప్రతిసారీ ఒకే దిశలో కూర్చుంటుంది. మరీ బిగుతుగా మాత్రం వద్దు. లాంచ్ లగ్ (ప్రయోగ కడ్డీ దూరే చిన్న గొట్టం) రెక్కకీ పై తోకకీ మధ్య మూలలో, చిన్న కర్రముక్క మీద ఎత్తుగా రావాలి. జిగురు ఆరకముందే కడ్డీ దూర్చి, ఏ రెక్కకీ, తోకకీ తగలకుండా జారుతోందో లేదో చూడండి.

ముందు నుంచి వెనక్కి చూస్తే రెక్కలు, అడ్డ తోక రెండూ బాడీ గీతకి సున్నా కోణంలో ఉండాలి. మామూలు రాకెట్‌లో ఫిన్ ఒక డిగ్రీ తప్పితే గిరగిరా తిరుగుతూ అయినా పైకే పోతుంది. ఇక్కడ రెండు వైపులా ఒకే దిశలో తప్పితే రాకెట్ గాలిలో గుండ్రంగా చుట్టి నేలవైపు వస్తుంది.

ప్యారాచూట్ సంగతి తేలికే. 100 గ్రాములకి 37 సెం.మీ. గుడ్డ సెకనుకి 4.5 మీటర్ల వేగంతో దించుతుంది, 250 గ్రాములైతే 60 సెం.మీ. దగ్గరికి పోవాలి. నల్ల మోడల్ ఆకాశంలో త్వరగా కనుమరుగవుతుంది, గుడ్డ నారింజ రంగుదైతే వెతకడం సులువు. షాక్ కార్డ్ (ముక్కునీ బాడీనీ కలిపే సాగే తాడు) బాడీ పొడవుకి కనీసం మూడు రెట్లు ఉండాలి. కిట్‌లో పొట్టిది ఇస్తే మార్చేయండి, లేకపోతే మట్టి నింపిన ముక్కు సాగి తిరిగొచ్చి సరిగ్గా తోకనే కొడుతుంది.

రంగు విషయానికొస్తే, ఆ నలుపు మెరిసే నలుపు కాదు. ఇంకోనెల్-ఎక్స్ లోహం వేడికి నీలం, గోధుమ ఛాయలు తిరిగేది. మాట్ నలుపులో కాస్త బూడిద కలపండి. డీకాల్స్ (అతికించే అంకెలు, గుర్తులు) మాత్రం మెరిసే క్లియర్ పూత మీదే అతికించి, ఆ తర్వాత మాట్ పూత వేయాలి. నేరుగా మాట్ మీద అతికిస్తే కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. తోక మీద అంకెలు 66670, 66671, 66672లో ఏవో చూసి, మీరు కట్టిన రూపానికి సరిపోతున్నాయో లేదో సరిచూసుకోండి. మూడో విమానానికి ఎనిమిది గొట్టాల ఇంజిన్ ఎప్పుడూ పెట్టలేదు.

మొదటి ప్రయోగానికి మూడు సెకన్ల డిలే (ఇంజిన్ ఆరాక ప్యారాచూట్ బయటికి వచ్చేదాకా పట్టే వ్యవధి) చాలు. బరువైన మోడల్ ఇంజిన్ ఆరాక ఎక్కువసేపు పైకి పోదు, ఏడు సెకన్లది పెడితే తిరిగి కిందకి దూసుకొచ్చేటప్పుడు ప్యారాచూట్ తెరుచుకుని చిరుగుతుంది. గాలి ఉన్నరోజు అసలొద్దు, ఇన్ని పలకలున్న రాకెట్ గాలివైపుకి తిరిగిపోతుంది. రంగు, పుట్టీ, డీకాల్స్ అన్నీ అయ్యాక ఇంజిన్, ప్యారాచూట్ పెట్టి మళ్లీ తూచండి, మళ్లీ వేలి మీద నిలబెట్టి చూడండి. రంగులో ఎక్కువ భాగం తోక మీదే పడి ఉంటుంది కాబట్టి, ముక్కులో ఇంకో రెండు మూడు గ్రాముల మట్టికి చోటు ముందే వదిలిపెట్టుకోండి.