పదకొండున్నరా, పన్నెండున్నరా? సైటు ఇంకా తేల్చట్లేదు

అమ్మకానికి పెట్టిన పాత హైదరాబాద్ సంస్థానం స్టాంపుల లిస్టింగుల్ని వెతికి, ఫొటో చూసి గుర్తుపట్టే సైటు ఒకటి రాస్తున్నా. అందులో పెర్ఫ్ (స్టాంపు అంచు పళ్ళు 2 సెం.మీ.లో ఎన్ని పడతాయన్న లెక్క) కొలిచే కోడ్ ఈసారి కూడా ఏడిపించింది. నిన్న రాత్రి ఒక అర్ధణా నిజాం స్టాంపు ఫొటోకి సైటు 11.7 అని చూపించింది. ఆ స్టాంపు ఇప్పుడు నా దగ్గరే ఉంది, ఆ లిస్టింగ్ నుంచే కొన్నా కాబట్టి దాని ఫొటోని పరీక్షలకి వాడుకుంటున్నా. ఇన్‌స్టాంటా గేజ్ (పళ్ళు కొలిచే పారదర్శక పలక) మీద పెడితే అది శుభ్రంగా 12.5. 11.7 అంటే ఎవరైనా 11½ కిందే లెక్కేసుకుంటారు కదా, మామూలు స్టాంపుని అరుదైనదని చూపించి ఎవరి జేబుకో చిల్లు పెట్టడమే అది. సైటులో పెర్ఫ్ చూపించే కాలమ్‌ని ప్రస్తుతానికి ఎవరికీ కనపడకుండా దాచేశా.

కుదిరినవి ఒక్క ముక్కలో చెప్పేస్తా. ‘హైదరాబాద్’ అని వెతికితే సింధ్ హైదరాబాద్ కవర్లూ, మన హైదరాబాద్‌లో కూర్చుని బ్రిటన్ స్టాంపులు అమ్మేవాళ్ళ సరుకూ వచ్చి పడే గొడవ పోయింది. 1931 బొమ్మల సెట్‌ని (చార్మినార్, హైకోర్టు, ఉస్మాన్‌సాగర్, అజంతా వగైరా) ఫొటో చూసి విలువతో సహా గుర్తుపడుతోంది.

ఇక అసలు తలనొప్పి. 1871లో మొదలైన, కలెక్టర్లు స్కెలిటన్ అని పిలిచే నిజాం స్టాంపు డిజైన్ దశాబ్దాల పాటు అదే బొమ్మతో నడిచింది. విలువ నాలుగు లిపుల్లో ఉంటుంది, అందులో మన తెలుగూ ఒకటి. గిబ్బన్స్ కేటలాగులో రఫ్ పెర్ఫ్ (గుంటలు గరుకుగా తెగినవి) 11½ వేరు, పిన్ పెర్ఫ్ (సూదితో పొడిచినట్టుండేవి) వేరు, ఎక్కడ చూసినా దొరికే 12½ వేరు. సంస్థానాల స్టాంపులకి నా ఓటు ఎప్పుడూ గిబ్బన్స్‌కే. స్కాట్ కేటలాగు నంబర్లు అమెరికా సెల్లర్లని వెతకడానికి, మిషెల్ నంబర్లు జర్మన్ వాళ్ళ కోసం పక్కన ఉంచుకున్నా, అంతకు మించి వాటితో పని పడలేదు. అయితే లిస్టింగుల్లో ఈ తేడాలేవీ రాయరు. ‘ఓల్డ్ నిజాం స్టాంప్, వెరీ రేర్’ అని ఒక ముక్క రాసి వదిలేస్తారు. టైటిల్‌లో రేర్ అన్న మాట ఉంటే నా కోడ్ ఆ మాటని పట్టించుకోకుండానే దాటేస్తుంది. కాబట్టి పెర్ఫ్ తెలియాలంటే ఫొటోలో పళ్ళు లెక్కపెట్టడం తప్ప దారి లేదు.

లెక్క చూస్తే చిన్నదే. 11½ అయితే పన్నుకీ పన్నుకీ మధ్య 1.74 మి.మీ., 12½ అయితే 1.60. తేడా 0.14 మి.మీ. స్టాంపుని ఒక్కదాన్నే దగ్గరగా తీసిన ఫొటోలో మి.మీ.కి 16 పిక్సెళ్ళు పడతాయనుకుంటే, ఆ తేడా రెండు పిక్సెళ్ళ పైనే వస్తుంది, హాయిగా కొలవచ్చు. ఆల్బమ్ పేజీ మొత్తం ఒకే ఫొటోలో పెట్టి ‘లాట్’ అని అమ్మేవాటిలో మి.మీ.కి 2.5 పిక్సెళ్ళు కూడా కష్టమే, అక్కడ తేడా పిక్సెల్‌లో మూడో వంతు. వాటి జోలికి వెళ్ళకూడదని నిర్ణయించుకున్నా.

మొదట ఎఫ్‌ఎఫ్‌టీ (ఒక వరసలో ఏది ఎంత తరచుగా మళ్ళీ మళ్ళీ వస్తుందో లెక్కకట్టే పద్ధతి) వాడా. అంచు మీద వెలుగునీడల్ని ఒక వరసగా తీసుకుని, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర శిఖరం వస్తే అదే గేజ్ అని. చెప్పుకోడానికి బాగుంటుంది. కానీ గేజ్ అంటేనే 2 సెం.మీ.లో ఎన్ని పళ్ళు అని, మన స్టాంపు అంచు కూడా ఇంచుమించు 2 సెం.మీ.నే, కాబట్టి ఎఫ్‌ఎఫ్‌టీలో ఒక్కో మెట్టు సరిగ్గా ఒక గేజ్ అంత వెడల్పు వస్తుంది. నాకు విడదీయాల్సిన తేడా కూడా సరిగ్గా ఒక గేజే. జీరో ప్యాడింగ్ చేస్తే (వరస చివర సున్నాలు చేర్చి పొడిగిస్తే) గ్రాఫ్ నున్నగా కనపడింది గానీ శిఖరం మాత్రం అంతే లావుగా ఉండిపోయింది. దాన్ని పక్కన పెట్టి, ప్రతి గుంట నడిమధ్య ఎక్కడుందో కనిపెట్టి, వాటి వరస నంబరుకీ స్థానానికీ సరళరేఖ గీసి, దాని వాలు నుంచి దూరం తీసే పద్ధతికి వచ్చా. నల్ల స్టాక్‌బుక్ (స్టాంపులు దాచుకునే పుస్తకం) మీద తీసిన మంచి స్కాన్లకి ఇది గేజ్‌తో 0.1 తేడాలో సరిపోతోంది.

మరి 11.7 ఎలా వచ్చింది? నా అనుమానాలు ఇవి, పెద్దదాని నుంచి చిన్నదానికి కాదు, తట్టిన వరసలోనే రాస్తున్నా.

పిక్సెళ్ళని మిల్లీమీటర్లుగా మార్చడానికి స్కేలు కావాలి. స్కాన్‌లో ఉండే డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న) సమాచారం అమ్మకం సైట్లలోకి ఎక్కేసరికి ఫొటో సైజు మార్పుల్లో ఎగిరిపోతుంది. అందుకని స్టాంపు ఫ్రేమునే (బొమ్మ చుట్టూ ఉండే గీతల చట్రం) స్కేలుగా వాడుతున్నా: పై అంచు పళ్ళని పై ఫ్రేము గీతతో, పక్క పళ్ళని పక్క గీతతో పోల్చడం. ఫొటో వాలుగా తీసినా పళ్ళూ గీతా కలిసే కుంచించుకుపోతాయి కాబట్టి ఆ బాధ చాలావరకు పోయింది. (అంతకు ముందు 16 డిగ్రీల వాలు ఉంటే చాలు, కొలత 4 శాతం తప్పేది. మనకున్న తేడా మొత్తం 8 శాతమే, సగం అక్కడే పోయినట్టు.) కానీ ఆ ఫ్రేము అన్ని స్టాంపులకీ ఒకటే కాదు. తడి కాగితం మీద రీసెస్ ముద్రణ (చెక్కిన పలకతో అచ్చు) చేస్తే ఆరేటప్పుడు కాగితం ముడుచుకుంటుంది, పైగా పీచు నడిచిన వైపు తక్కువ, అడ్డంగా ఎక్కువ. నా దగ్గరున్న రెండు కాపీల ఫ్రేములకి వెర్నియర్‌తో 0.3 మి.మీ. తేడా వచ్చింది. అది ఒకటిన్నర శాతం, గేజ్‌లో చూస్తే 0.2 దాకా.

తర్వాత ముద్ర. ఈ 11.7 స్టాంపు మీద కుడి ఫ్రేము గీతని పోస్టుమార్కు మింగేసింది, కోడ్ ముద్ర అంచునే ఫ్రేము అంచు అనుకుంది. అసలు స్కెలిటన్ డిజైన్ గీతలే సన్నం, దాని మీద మసిబొగ్గులాంటి నల్ల ముద్ర. అంచు పక్కకి జరిగింది పద్దెనిమిది పిక్సెళ్ళే, అయినా 0.7 తేడా రావడానికి అది చాలు, దానికి కాగితం ముడత కూడా తోడైందేమో.

బ్యాక్‌గ్రౌండ్ తీసేసే ఏఐ టూల్స్ గురించి ఒక మాట. దయచేసి వాడకండి. మనుషుల ఫొటోలకి బాగుంటాయి, పళ్ళ కొసల్ని మాత్రం నున్నగా కోసేస్తాయి. కొందరు సెల్లర్లు అందంగా ఉంటుందని అలా చేసి తెల్ల వెనకతలం మీద పెడుతున్నారు, తెల్ల పళ్ళు తెల్లదానిలో కలిసిపోయి నాకు మిగిలేది ఒక చతురస్రం. ఓపెన్‌సీవీ (ఫొటోల మీద పనిచేసే కోడ్ లైబ్రరీ)లో వెలుగుని బట్టి నలుపు తెలుపులుగా విడగొట్టే మామూలు థ్రెషోల్డ్ దీనికంటే వెయ్యి రెట్లు నయం.

అన్నిటికన్నా చికాకు పెట్టేది, రఫ్ పెర్ఫ్ 11½ స్టాంపుల్లో గుంటలు సరిగ్గా తెగవు, దూరాలు కూడా ఒక పన్నుకీ ఇంకో పన్నుకీ మారుతుంటాయి. అంటే దేన్ని పట్టుకుందామని ఇదంతా మొదలెట్టానో దాని మీదే కొలత ఎక్కువ ఊగుతోంది. 12½ వాటిలో గుంటలు సరళరేఖకి 0.05 మి.మీ. అటూఇటూ ఉంటే, రఫ్ వాటిలో దానికి మూడింతలు. కొన్ని రోజులు దీన్ని కోడ్ లోపం అనుకుని ఫిల్టర్లు మార్చుకుంటూ కూర్చున్నా గానీ, ఇప్పుడు ఆ ఊగడమే పనికొచ్చే గుర్తు అనిపిస్తోంది. గేజ్ ఎంత అని అడగడం మానేసి, అంచు ఎంత గరుకుగా ఉందని అడిగితే? దానికి మిల్లీమీటర్లు అక్కర్లేదు, ఫ్రేముతో పనే లేదు. గుంటల మధ్య దూరాల్లో హెచ్చుతగ్గుల్ని సగటు దూరంతో భాగిస్తే చాలు, ముద్ర ఎక్కడ పడితే మనకేంటి. నలిగిన, పళ్ళు ఊడిన స్టాంపులు కూడా గరుకు కిందకే వస్తాయి, ఆ చిక్కు ఉంది. నాలుగు అంచుల్లో కనీసం మూడు ఒకే మాట చెబితేనే ‘రఫ్ కావచ్చు’ అని చూపించి, అప్పుడు కూడా అంకె ఇవ్వకుండా, ‘కొనేముందు అమ్మేవాళ్ళని గేజ్ మీద ఫొటో అడగండి’ అని రాస్తా.

దీనికి తెలిసిన నమూనాలు కావాలి. మీ దగ్గర ఖాయంగా 11½ అని తేలిన కాపీలు ఉంటే నల్ల కాగితం మీద బోర్లా పెట్టి 1200 డీపీఐలో వెనకవైపు స్కాన్ చేసి పంపండి, ముందువైపు కంటే వెనకవైపు పళ్ళు తేటగా వస్తాయి, ముద్ర గోల కూడా తక్కువ. ఫోన్ యాప్ స్కానర్లు వద్దు, అవి అంచుల్ని సొంత తెలివితో సరిచేస్తాయి.

ఇది ఒక కొలిక్కి వచ్చాక ‘సర్కారీ’ ఓవర్‌ప్రింట్ల (స్టాంపు మీద తర్వాత అచ్చేసిన మాట) మీద పడాలి. 1873 నుంచి వచ్చిన సర్వీసు (ప్రభుత్వ ఉత్తరాలకి వాడే) స్టాంపులివి, ఎరుపులోనూ నలుపులోనూ ఉన్నాయి. నకిలీలు బాగా ఉన్నాయి కాబట్టి అసలా నకిలీనా అన్నది సైటు ఎప్పటికీ చెప్పదు, ఓవర్‌ప్రింట్ ఉందా లేదా అన్నంతవరకే. ముందు ఎరుపుతో మొదలెడతా, నలుపైతే మళ్ళీ ఈ పోస్టుమార్కులతోనే కుస్తీ.